పేజీ నంబరుతో సహా చెప్పింది.. వెతికితే ఆ పుస్తకమే లేదు!

సందేహం: ప్రాజెక్టు రిపోర్టు కోసం ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే ఎనిమిది పుస్తకాలు, వ్యాసాల పేర్లు ఇచ్చింది. రచయిత, సంవత్సరం, పేజీ నంబరు అన్నీ ఉన్నాయి. కానీ వాటిలో మూడు ఎక్కడ వెతికినా దొరకడం లేదు. ‘ఇవి నిజంగా ఉన్నాయా?’ అని దాన్నే అడిగితే ఉన్నాయంటోంది. గడువు దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ మూడింటినీ తీసేయండి. మిగతా ఐదూ దొరికాయి కదా అని ఊరుకోకండి. పుస్తకం నిజమైనదే అయినా, చాట్‌బాట్ చెప్పిన మాట అందులో ఉండకపోవచ్చు. ఆ పేజీ తెరిచి చదివాకే రిపోర్టులో ఉంచండి.

చాట్‌బాట్ వెనకుండే భాషా మోడల్ పని, తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేసి పేర్చుకుంటూ పోవడం. లక్షల కొద్దీ రిఫరెన్సులు చూసింది కాబట్టి వాటి తీరు దానికి బాగా తెలుసు. సంవత్సరం ఉండాల్సిన చోట నమ్మదగ్గ సంవత్సరం పెడుతుంది, రచయిత ఉండాల్సిన చోట ఆ రంగంలో వినిపించే పేరు పెడుతుంది. తెలిసింది చెప్పినా, అల్లింది చెప్పినా గొంతు ఒకటే. మనం మోసపోయేది అక్కడే. అందుకే నా సలహా, వివరం ఎంత కచ్చితంగా కనిపిస్తే దాన్ని అంత ముందుగా తనిఖీ చేయండి.

మళ్లీ దాన్నే అడగడం తనిఖీ కాదు. 2023లో న్యూయార్క్‌లో ఒక లాయరు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత కేసులను కోర్టు పత్రాల్లో పెట్టారు. ‘ఇది నిజమైన కేసేనా?’ అని అడిగితే అవునంది. తీరా చూస్తే ఆరు కేసులు అసలు లేనేలేవు. 5,000 డాలర్ల జరిమానా పడింది.

ఒక్కోసారి తప్పు మరీ సన్నగా ఉంటుంది. సౌరకుటుంబం బయటి గ్రహాన్ని జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు మొదటిసారి నేరుగా ఫొటో తీసింది 2022లో. ఇది నిజం. అలాంటి గ్రహాన్ని మొట్టమొదట ఫొటో తీసింది వెబ్ అని 2023లో గూగుల్ చాట్‌బాట్ బార్డ్ చెప్పింది. ఇది తప్పు, చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపు 2004లోనే తీసింది. ‘మొదటి’ అన్న మాట వాక్యంలో కాస్త జరిగితే అర్థమే మారిపోయింది. పైపైన చదివితే ఇలాంటివి దొరకవు.

ఇక మీ పని. వ్యాసం శీర్షికను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. డీఓఐ నంబరు (ఒక్కో వ్యాసానికి ఆన్‌లైన్‌లో ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఉంటే దాన్ని తెరవండి, వేరే వ్యాసం వస్తే అది కల్పితమని అనుమానించాల్సిందే. కొత్త చాట్‌లో అదే ప్రశ్న అడిగినప్పుడు రచయితో, సంవత్సరమో మారితే నమ్మకండి. మారకపోయినంత మాత్రాన నిజమనీ కాదు. వెబ్ సెర్చ్ ఆన్ చేస్తే లింకులు ఇస్తుంది, కొంత మేలు. అయితే లింకు కింద రాసింది ఆ పేజీలో ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి.

ఈసారి నుంచి వ్యాసాలు మీరే వెతికి, పీడీఎఫ్ దానికి ఇచ్చి, అర్థంకాని భాగాలు వివరించమనండి. ప్రతి పాయింటుకూ ఆధారమైన వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇవ్వమని అడగండి. ఆ వాక్యాన్ని పీడీఎఫ్‌లో వెతికితే ఉందో లేదో క్షణంలో తేలిపోతుంది.