మనం ఉండే సమూహాన్ని బట్టి మాటతీరు ఎందుకు మారుతుంది?

ఎదుట ఎవరున్నారన్నదొక్కటే కాదు, మనల్ని మనం ఎవరిలో ఒకరిగా లెక్కేసుకుంటామన్నది కూడా మాటను మలుస్తుంది.

నాకు బాగా నచ్చే రుజువు అమెరికన్ భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ 1962లో న్యూయార్క్‌లో చేసిన పరిశీలన. ఖరీదైన సాక్స్, మధ్యతరగతి వెళ్లే మేసీస్, చౌకగా అమ్మే క్లైన్ దుకాణాల్లో, నాలుగో అంతస్తులో దొరికే సరుకు ఎక్కడుందని అక్కడి పనివాళ్లను అడిగేవాడు. ‘ఫోర్త్ ఫ్లోర్’ అనేవారు. వినబడనట్టు మళ్లీ అడిగితే ఒత్తి చెప్పేవారు. ఆయన గమనించింది అందులోని ‘ర్’ని పలుకుతున్నారా, మింగేస్తున్నారా అని. అప్పట్లో ఆ నగరంలో దాన్ని పలకడం పై తరగతివాళ్ల లక్షణం. సాక్స్‌లో ఎక్కువమంది పలికారు, క్లైన్‌లో తక్కువమంది. అందరూ దుకాణాల్లో పనివాళ్లే, సాక్స్‌లో జీతాలేమీ మేసీస్ కంటే ఎక్కువ కాదు. వాళ్ల నాలుకను దిద్దింది రోజూ ఎదురయ్యే కొనుగోలుదారులే అని నా ఉద్దేశం.

మన దగ్గరా అంతే. కరీంనగర్ కుర్రాడు హైదరాబాద్ ఆఫీసులో ‘వస్తున్నానండీ’ అంటాడు, అమ్మ ఫోన్ చేస్తే ‘వస్తున్ననే’ అంటాడు. అది నటన కాదు, రెండూ అతనివే. యాసను వెక్కిరించే చోట మాత్రం మాట మార్చుకోవడంతో ఆగడు, మీటింగులో నోరు విప్పడమే తగ్గించేస్తాడు.