క్లేర్ కౌంటీలో రాజుగారి మనిషి ఎవరు?

ప్రశ్న: ఐర్లండ్ చరిత్రలో ఒకచోట 'లార్డ్ లెఫ్టినెంట్' డబ్లిన్‌లో ఉండి దేశమంతా ఏలాడని చదివాను. ఇంకోచోట క్లేర్ కౌంటీకి (మన జిల్లా లాంటిది) లార్డ్ లెఫ్టినెంట్ అని కనిపించింది. ఇద్దరూ ఒకరేనా? (విజయనగరం)

జవాబు: కాదు, బిరుదు ఒకటే గానీ కొలువులు వేరు. డబ్లిన్ కోటలో ఉండేవాడు వైస్రాయి. కౌంటీ లెఫ్టినెంట్ ఆ ఒక్క కౌంటీలో రాజుగారి ప్రతినిధి, సాధారణంగా అక్కడి పెద్ద భూస్వామి. అతనికి జీతం లేదు. మన కలెక్టరుతో పోల్చుకుంటే పప్పులో కాలేసినట్టే, ఎందుకంటే శిస్తు వసూలుతో అతనికి సంబంధం లేదు. బిరుదు వెనక కౌంటీ పేరుంటే స్థానికుడనీ, 'ఐర్లండ్' అనో, ఏమీ లేకుండానో ఉంటే వైస్రాయి అనీ అనుకోవచ్చు. చిక్కల్లా రెండు కొలువులూ ఒక్కడే చేసినప్పుడు వస్తుంది. ఆబర్‌కార్న్ మొదటి డ్యూక్ 1844 నుంచి 1885 దాకా డొనెగాల్ కౌంటీ లెఫ్టినెంట్. ఆ మధ్యలోనే 1866–68, 1874–76 సంవత్సరాల్లో వైస్రాయి కూడా. ఆ ఏళ్ల కాగితం చేతికొస్తే అతను ఏ హోదాలో సంతకం పెట్టాడో ముందు చూడాలి.

ప్రశ్న: క్లేర్‌లో ఈ పదవి ఎప్పుడు మొదలైంది? మొదట ఎవరికి దక్కింది? (హైదరాబాద్)

జవాబు: 1831లో, ప్రత్యేక చట్టంతో. అంతకుముందు కౌంటీకి 'గవర్నర్లు' ఉండేవారు. ఒకే కౌంటీకి ఒకరికి మించి కూడా ఉండేవారు కాబట్టి బాధ్యత ఎవరిదో తేలేది కాదు. 1831 చట్టం కౌంటీకి ఒక్కరినే నిలబెట్టింది.

క్లేర్‌కు మొదట వచ్చినవాడు విలియం వెసీ-ఫిట్జెరాల్డ్. క్లేర్ ఎంపీగా ఉండగా 1828లో మంత్రి పదవి రావడంతో, నాటి నియమం ప్రకారం మళ్లీ ఎన్నికకు నిలబడాల్సి వచ్చింది. కాథలిక్కుల నాయకుడు డేనియల్ ఓకానెల్ చేతిలో 2,057కు 982 ఓట్లతో ఓడిపోయాడు. కాథలిక్కులు పార్లమెంటులో కూర్చునే హక్కుకు 1829లో దారి తీసిన ఎన్నిక ఇదే. తమాషా ఏమిటంటే, ఓడినవాడు కూడా కాథలిక్కుల హక్కును సమర్థించినవాడే! జనం ఓడించిన ఆ మనిషినే మూడేళ్లకు అదే కౌంటీలో రాజుగారి ప్రతినిధిగా వేశారు. 1843లో చనిపోయే దాకా ఉన్నాడు. మనకూ ఇతనితో ఒక లంకె ఉంది. 1841 నుంచి చనిపోయే దాకా ఈస్టిండియా కంపెనీ పాలనపై అజమాయిషీ చేసే బోర్డ్ ఆఫ్ కంట్రోల్‌కు లండన్‌లో అధ్యక్షుడు. కోస్తా జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీ వ్యవహారాలూ ఆ బోర్డు కిందికే వచ్చేవి.

ప్రశ్న: జీతం లేదు, శిస్తు లేదు. మరి ఏం చేసేవాడు? (గుంటూరు)

జవాబు: పేర్లు పంపేవాడు. చిన్నమాట అనుకోకండి, పలుకుబడి అంతా అందులోనే ఉంది. మేజిస్ట్రేట్లను నియమించేది ఐర్లండ్ లార్డ్ ఛాన్సలరే (న్యాయవ్యవస్థ పెద్ద) అయినా, కౌంటీ నుంచి సిఫారసు వెళ్లేది లెఫ్టినెంట్ ద్వారానే. లెఫ్టినెంట్లు ఎక్కువగా ప్రొటెస్టంటు భూస్వాములు, కౌళ్లు కట్టే రైతులు ఎక్కువగా కాథలిక్కులు. బెంచీ మీద ఎవరు కూర్చునేవారో ఊహించుకోవచ్చు. డిప్యూటీ లెఫ్టినెంట్లను ఎంచుకునేదీ అతనే. మిలీషియా (స్థానిక సైన్యం) అధికారుల నియామకాలు కూడా 1871 దాకా అతని చేతిలోనే ఉండేవి, ఆ ఏడు చట్టంతో రాణి సర్కారు తీసేసుకుంది. రోడ్లకూ వంతెనలకూ పన్ను వేసింది మాత్రం గ్రాండ్ జ్యూరీ (కౌంటీ భూస్వాముల బృందం). దాన్ని కూర్చింది షెరీఫ్ అనే కౌంటీ అధికారి. 1898 చట్టంతో ఆ పని ఎన్నికైన కౌన్సిళ్లకు పోయింది.

డబ్లిన్‌కూ కౌంటీకీ మధ్య ఉత్తరాలు నడిచేదీ అతని ద్వారానే. పక్కనున్న టిప్పరరీ కౌంటీ మేజిస్ట్రేట్లు 1838లో హత్యలు పెరిగాయి, కఠిన చర్యలు కావాలని మొరపెట్టుకున్నారు. డబ్లిన్ సర్కారులో పెద్ద అధికారి అయిన అండర్ సెక్రటరీ థామస్ డ్రమండ్ అక్కడి లెఫ్టినెంట్ డొనొమోర్ ప్రభువుకు రాసిన జవాబులో, ఆస్తికి హక్కులే కాదు బాధ్యతలూ ఉంటాయని చురక వేశాడు.

ప్రశ్న: క్లేర్ లెఫ్టినెంట్ల జాబితాలో 'సర్ లూషస్ ఓబ్రయన్', 'ఇంచిక్విన్ ప్రభువు' అని వేర్వేరుగా ఉన్నారు. వీళ్లు ఎందరు? (డల్లాస్)

జవాబు: ఇద్దరే, కానీ మీరు విడదీసిన చోట కాదు. సర్ లూషస్ 1843 నుంచి 1872లో చనిపోయే దాకా లెఫ్టినెంట్. ఆ మధ్యలో బంధువు వారసత్వం కలిసొచ్చి 13వ ఇంచిక్విన్ బారన్ అయ్యాడు. మొదటి ఏళ్ల పత్రాల్లో 'సర్ లూషస్', తర్వాతి వాటిలో 'ఇంచిక్విన్ ప్రభువు', మనిషి మాత్రం ఒక్కడే. 1879లో పదవిలోకి వచ్చిన ఇంచిక్విన్ ప్రభువు అతని కొడుకు ఎడ్వర్డ్, 14వ బారన్. అందుకే బిరుదు పక్కన ఏడాది, వరస సంఖ్య రాసుకోకుండా వంశవృక్షం గీయకూడదు. 'లార్డ్' అన్నంత మాత్రాన ప్రభువేనని కూడా అనుకోవద్దు. 1831లో వెసీ-ఫిట్జెరాల్డ్ ఇంకా ప్రభువు కాలేదు, తల్లి నుంచి ఆ బిరుదు మరుసటి ఏడు వచ్చింది.

ఇంకో సంగతి. 1848లో టిప్పరరీలోని బాలింగరీ దగ్గర తిరుగుబాటు నడిపి, మరణశిక్ష పడి, చివరికి వాన్ డీమెన్స్ ల్యాండ్‌కు (నేటి టాస్మానియా) ప్రవాసం వెళ్లిన విలియం స్మిత్ ఓబ్రయన్ ఈ లూషస్ తమ్ముడే. అన్న రాణిగారి ప్రతినిధి, తమ్ముడు రాజద్రోహి!

ప్రశ్న: ఇప్పుడు ఆ పదవి ఉందా? పాత పత్రాలు దొరుకుతాయా? (విశాఖపట్నం)

జవాబు: క్లేర్‌లో లేదు. 1922లో ఐరిష్ ఫ్రీ స్టేట్ అనే కొత్త ఐరిష్ రాజ్యం ఏర్పడటంతో దానిలోని 26 కౌంటీల్లోనూ పోయింది. ఉత్తర ఐర్లండ్‌లోని ఆరు కౌంటీల్లో ఇంకా ఉంది. రాజకుటుంబం పర్యటనల ఏర్పాట్లు, పతకాల ప్రదానం వాళ్ల పని. 75 ఏళ్లకు విరమణ. పత్రాల విషయానికొస్తే, 1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ (కోర్టుల భవనాలు) పేలుడులో, మంటల్లో ప్రభుత్వ దస్తావేజులు చాలావరకు బూడిదయ్యాయి. కాబట్టి అచ్చులో మిగిలినవి చూడండి: నియామకాలకు ప్రభుత్వ ప్రకటనల పత్రిక డబ్లిన్ గెజెట్, ఏ ఏడు ఎవరున్నారో తెలుసుకోవడానికి 1844 నుంచి ఏటా వచ్చిన థామ్స్ డైరెక్టరీ. డైరెక్టరీ ఏడాది మొదట్లో వచ్చేది గనక నడిమధ్యలో జరిగిన మార్పు మరుసటి సంచికలో గానీ కనిపించదు.