తెల్లవారుజామున తలుపు తీసేదెవరు?

ప్రశ్న: మా పిల్లికి మూడేళ్లు, మగది. కూనగా ఉన్నప్పుడు మా మామగారే ఇంటికి తెచ్చారు. ఇన్నాళ్లూ ఇష్టమొచ్చినట్టు బయట తిరిగి, తిండికీ నిద్రకూ ఇంటికి వచ్చేది. పోయిన నెల మూడు రోజులు కనబడకుండా పోయి, చెంప ఉబ్బి తిరిగొచ్చింది. డాక్టరు కోసి చీము తీశారు. అప్పటినుంచి మా వారు దాన్ని గడప దాటనివ్వద్దంటున్నారు. మామగారేమో ‘మూగజీవాన్ని జైల్లో పెడతారా’ అంటూ తెల్లవారుజామున లేచి గడియ తీసేస్తున్నారు. తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం మానేశారు. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడం నా పనైపోయింది. అది తలుపు దగ్గర అరుస్తుంటే జాలి, బయటికెళ్తే భయం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు పిల్లి సంగతి తేలుద్దాం, మనుషుల సంగతి దానివెంటే వస్తుంది. నా మట్టుకు నేను మీ వారి పక్షమే, ఇంట్లోనే ఉంచండి. అయితే ఆయన అనుకుంటున్నట్టు గడియ పెట్టేస్తే సరిపోయే పని కాదిది.

ఆ చెంప వాపు ఇంకో పిల్లి కోర దిగిన గాయం అయ్యుంటుంది. పిల్లి కోర సూదిలా సన్నగా ఉంటుంది. పైన చిన్న చుక్కంత గాటు పడి చర్మం వెంటనే మూసుకుపోతుంది, లోపలికెళ్లిన క్రిములు రెండు మూడు రోజుల్లో చీము పట్టిస్తాయి. చీము తీస్తే గాయం మానుతుంది. కానీ అలాంటి కాటుతోనే రోగాలను తట్టుకునే శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ అనే వైరస్ కూడా అంటుకోవచ్చు. మనుషులకు రాదు గానీ, పిల్లికి వస్తే జీవితాంతం ఉంటుంది. కాటు పడ్డ వెంటనే చేసే పరీక్షలో బయటపడకపోవచ్చు కాబట్టి, 60 రోజులు దాటాక ఒకసారి రక్తపరీక్ష చేయించండి. రేబిస్ టీకా గడువు ఎప్పటిదాకా ఉందో మాత్రం ఇప్పుడే చూపించుకోండి.

మీ ఉత్తరంలో ఒక మాట లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా? మూడు రోజులు మాయమై, కొట్లాడి వచ్చిన మగపిల్లి అంటే చేయించలేదేమోనని నా అనుమానం. చేయించకపోతే మిగతావన్నీ పక్కనబెట్టి ఆ పని చూడండి. ఆపరేషన్ లేని మగపిల్లిని లోపల కట్టడి చేస్తే గోడలమీద ఘాటుగా ఉచ్చపోస్తుంది, కాలుగాలిన పిల్లి అంటే ఏమిటో కళ్లారా చూస్తారు. ఆపరేషన్ అయినా ఒంట్లో హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. మర్నాటికే మారిపోలేదని కంగారుపడకండి.

ఇక మామగారి మాటలోనూ నిజం ఉంది. ఏ పనీ లేక ఇంట్లో పడుండే పిల్లి లావెక్కుతుంది, షుగర్ కూడా రావచ్చు. విసుగూ బెంగా ఎక్కువైతే మూత్రం ఇబ్బందులూ రావచ్చు. ఇది మాత్రం ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకోండి: మగపిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక ట్రేలోకి పదేపదే వెళ్లి ముక్కుతూ, చుక్క కూడా పోయలేకపోతే ఆ పూటే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. రేపు చూద్దామంటే ప్రాణం పోతుంది.

అంటే బయట దానికి దొరికేదేదో లోపల దొరకాలి. పిల్లులకు తెల్లవారుజామూ మునిచీకటీ వేట వేళలు. మీ మామగారు లేచేదీ అప్పుడే కదా! ఆ గంట ఆయనకే అప్పజెప్పండి. కర్రకు దారం కట్టి, కొసన ఈకో గుడ్డపేలికో ముడేసి, సోఫా చాటునుంచి మెల్లగా లాగమనండి. ముఖం మీద ఆడించకూడదు, ఎలుకలా పారిపోవాలి. పిల్లి నేలకు అతుక్కుని వెనక భాగం అటూ ఇటూ ఊపుతుంది చూడండి, అప్పుడు ఒక్క క్షణం ఆపాలి. పది నిమిషాలు ఉరికించి, చివర్లో తప్పకుండా దొరకనివ్వాలి, ఆ వెంటనే తిండి పెట్టాలి. బ్రిటన్‌లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు బయట తిరిగే పిల్లులమీద చేసిన పరిశోధన 2021లో వచ్చింది. రోజూ అయిదు పది నిమిషాలు ఇలా ఆడించిన ఇళ్లలో అవి వేటాడి తెచ్చే జీవాలు నాలుగోవంతు తగ్గాయట. దానికి కావలసింది వీధి ఒక్కటే కాదన్నమాట.

మరి ట్రే? లోపల ఉంచాలన్నది ఎవరి పట్టుదలో వాళ్లే కడగాలి. ఒక పిల్లికి రెండు ట్రేలు, తిండికి దూరంగా పెట్టి, రోజూ శుభ్రం చేయాలి. మీ వారికి ఈ మాట నవ్వుతూనే చెప్పండి, కానీ చెప్పండి. కిటికీ దగ్గర ఎత్తుగా ఒక పలక, పడిపోకుండా గట్టి వల ఉండాలి. దోమల జాలీని నమ్ముకోవద్దు, గోళ్లకు ఆగదు.

అది అరవడం మొదటి రెండు మూడు వారాలు ఎక్కువే ఉంటుంది. పదిసార్లు అరిస్తే ఒక్కసారి తలుపు తెరుచుకుందనుకోండి, ఆ పదిసార్లూ అరవడం నేర్చుకుంటుంది. అందుకే ఇందులో ఒకరు కట్టి ఇంకొకరు విప్పితే అందరికన్నా ఎక్కువ నలిగేది పిల్లే. బయటిగాలి కావాలంటే ఒంటికి తొడిగే పట్టీ ఉంది. ముందు ఇంట్లోనే కొన్నాళ్లు అలవాటు చేసి, తర్వాత మామగారి చేతిలో తాడు పెట్టండి. తిండి మానేస్తే ఆగకుండా వెంటనే, ఇవన్నీ చేసినా రెండు నెలలకు కూడా ఒళ్లు నాకి నాకి బొచ్చు ఊడగొట్టుకుంటుంటే అప్పుడూ డాక్టరుకు చూపించండి. జబ్బేమీ లేదంటే మనిషి తోడుగా కాసేపు బయట, చీకటి పడేలోగా ఇంట్లో అన్న మధ్యేమార్గం చూడొచ్చు. అప్పుడు మైక్రోచిప్, అంటే తప్పిపోతే ఎవరి పిల్లో తెలిసేలా చర్మం కింద పెట్టే చిన్న చిప్, తప్పనిసరి.

ఇప్పుడు మీ సంగతి. అటు ఆయనకూ ఇటు ఈయనకూ సర్దిచెబుతూ గోడమీది పిల్లి మీరయ్యారు, దిగిపోండి. మాటలు మోయడం మానేయండి. ఆ మూడు రోజులూ మామగారు ఎన్నిసార్లు గుమ్మంలోకొచ్చి చూశారో మీకు తెలిసే ఉంటుంది. తను తెచ్చిన పిల్లి విషయంలో తన మాటకు విలువ లేకుండా పోయిందన్నదే ఆయన బాధేమోనని నాకనిపిస్తోంది. అందుకని నిర్ణయం అయిపోయాక చెప్పకండి, ముందే అడగండి. ‘మావయ్యగారూ, పొద్దున్నే అది మీ వెంటే తిరుగుతుంది. ఆ గంట మీరు చూసుకుంటారా?’ అని. మీ వారు పక్కనే ఉన్నప్పుడు అడగండి. ఒప్పుకుంటే, ఈ రాత్రే ఆ దారం కర్ర ఆయన మంచం పక్కన పెట్టేయండి.