మాల వేసుకునే ముందు నీ కాళ్ళ గురించి

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ పెదనాన్న తర్వాత మన ఇంట్లో మాల వేసేది నువ్వే. సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే గుండె గుభేలుమంది. నీకు షుగర్ కదరా! 41 రోజులు చెప్పుల్లేకుండా తిరగడం, రెండు పూటలా చన్నీళ్ళ స్నానం, ఆ తడి కాళ్ళతోనే పూజకి పరుగు.

మాత్రలు మానకు. ఒంటిపూట భోజనం సంగతి డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకు.

ఓ ఏడు మాలలో ఉండగా మీ పెదనాన్నకి కాలి చిటికెన వేలి సందు పాచింది. చర్మం తెల్లగా నాని, పొట్టు లేచి, ఒకటే దురద. మందుల షాపులో అడిగితే ఏదో ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో దురద పోయింది, ఆయన తగ్గిపోయిందనుకున్నారు. అది స్టెరాయిడ్ మందు. దురదని అణిచేస్తుంది గానీ ఫంగస్‌ని చంపదు, లోపల్లోపల ఇంకా పెరగనిస్తుంది. పాదం అడుక్కి పాకింది. సందులో చర్మం చీలింది. షుగర్‌తో నరాలు మొద్దుబారి ఆయనకి నొప్పే తెలియలేదు. ఆ చీలికలోంచి చీము పట్టించే క్రిములు దూరాయి. కాలు మోకాలిదాకా ఎర్రగా వాచి, చలిజ్వరం వచ్చాక గానీ ఆసుపత్రికి రానన్నారు. వేలు తీసేశారు. నర్సుగా ఎందరి కాళ్ళకో కట్లు కట్టాను, ఆ కట్టు కట్టేటప్పుడు మాత్రం నా చేతులు వణికాయి.

కాబట్టి నొప్పి లేదు, దురద లేదు అని నాకు చెప్పకు. రోజూ రాత్రి వెలుతుర్లో కూర్చుని వేళ్ళు విడదీసి చూసుకో, చివరి రెండు వేళ్ళ మధ్య మరీ ముఖ్యం. అరికాలు అద్దంలో చూసుకో. స్నానమయ్యాక పొడి గుడ్డతో ఒక్కో సందూ అద్దు, రుద్దకు. కొబ్బరినూనె మడమలకి రాసుకో, సందుల్లో మాత్రం వద్దు. ఎక్కడైనా తెల్లగా నానినట్టు కనిపిస్తే ఆ రోజే డాక్టరుకి చూపించు. క్లోట్రిమజోల్ లాంటి, ఫంగస్‌ని చంపే క్రీము రాసిస్తే, పైకి మానినట్టు కనిపించినా చెప్పినన్నాళ్ళూ రాయాల్సిందే. వేడినీళ్ళ కాపడం జోలికి పోకు, కాలినా నీకు తెలియదు.

షుగర్ ఉన్నవాళ్ళు ఉత్తి కాళ్ళతో నడవకూడదు. చెప్పుల మాట గురుస్వామిని అడుగు. మొహమాటమైతే నేనే వచ్చి మాట్లాడతాను. పంబ నుంచి కొండెక్కాల్సింది ఆ కాళ్ళతోనే, వాటిని ఇక్కడే పాడుచేసుకుంటావా?

డాక్టరు దగ్గర సన్నటి నైలాన్ తీగ పాదానికి ఆనించి స్పర్శ తెలుస్తోందో లేదో చూస్తారు. ఆ పరీక్ష చేయించుకుని ఆదివారం ఇంటికి రా. పాత నూలు పంచె చింపి గుడ్డలు ఉతికి పెట్టాను, పట్టుకెళ్దువుగాని.

మీ పెద్దమ్మ