హార్డ్ డిస్క్ ఎర్రర్ వస్తే ముందు చెక్ డిస్క్ (డిస్క్‌ని పరీక్షించే విండోస్ టూల్) నడపాలా?

వద్దు. బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్క్‌లో పాడైన చోట్లు, వెతకమంటే అది డిస్క్ మొత్తాన్ని చదువుతుంది. చివరి దశలో ఉన్న డిస్క్ ఆ భారానికే పోవచ్చు. ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి తీసుకోండి.

తర్వాత డిస్క్ ఆరోగ్యాన్ని చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి చూడండి. పాడైన సెక్టార్ల లెక్క చూపే 05, సీ5 (C5), సీ6 (C6) వరసల్లో రా వాల్యూ (అసలు అంకె) పెరుగుతూ ఉంటే డిస్క్ మార్చాల్సిందే, రిపేరు లేదు. డేటా బదిలీలో తప్పులు లెక్కించే సీ7 (C7) ఒక్కటే పెరుగుతుంటే తప్పు చాలావరకు డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ది: కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, కొత్త కేబుల్ రెండు చివర్లా గట్టిగా బిగించండి. పాత అంకె తగ్గదు, ఇక పెరగకపోతే చాలు.

ఇవన్నీ బాగుంటేనే డ్రైవ్ ప్రాపర్టీస్‌లో టూల్స్‌కి వెళ్లి చెక్ నొక్కండి, చెక్ డిస్క్ అదే. కరెంటు పోయి పాడైన ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్ల అమరిక) చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది. డిస్క్ టక్‌టక్‌మని కొట్టుకుంటుంటే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ నడపొద్దు, వెంటనే పవర్ ఆపేయండి.