మా అబ్బాయి రాత్రంతా ఫైళ్ళు దిద్దుతున్నాడు: ఇది ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది హిందూపురం. నేను సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం దగ్గర దస్తావేజు లేఖరిగా పని చేస్తున్నాను. మా అబ్బాయి 2023లో ఈసీఈలో బీటెక్ పూర్తి చేశాడు. బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటూ, ఏడు నెలలుగా ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద లినక్స్ సపోర్ట్ పని చేస్తున్నాడు. జీతం 24,000 రూపాయలు. ఏం పని అని అడిగితే సర్వర్లలో కాన్ఫిగ్ ఫైళ్ళు, అంటే సెట్టింగులు రాసి ఉండే ఫైళ్ళు, దిద్దడం అంటాడు. గత నెలలో 60 సర్వర్లలో పాస్‌వర్డ్‌తో లాగిన్ కాకుండా ఒక లైను మార్చమన్నారట. స్క్రిప్టు (ఒకే పనిని తనంతట తానే చేసుకుపోయే చిన్న ప్రోగ్రాము) రాసి, ప్రతి ఫైలు చివరా ఆ లైను చేర్చి, పని అయిపోయిందని చెప్పాడట. వారం తర్వాత తనిఖీలో 17 సర్వర్లలో పాస్‌వర్డ్ లాగిన్ ఇంకా పని చేస్తూనే ఉందని తేలింది. మేనేజరు అందరి ముందూ కేకలేశాడట. అప్పటి నుంచి ఈ ఉద్యోగం మానేసి, 1,20,000 రూపాయలు కట్టి డేటా సైన్స్ కోర్సులో చేరతానని పట్టుబడుతున్నాడు. అప్పు తెచ్చి కట్టమంటారా? ఫైళ్ళు దిద్దడం గుమాస్తా పనే కదా, అందులో భవిష్యత్తు ఉందా?

జవాబు: ఆ అప్పు ఇప్పుడు చేయవద్దు, ఆ ఉద్యోగమూ ఇప్పుడే మానిపించవద్దు. డేటా సైన్స్ మీద నాకు చిన్నచూపు లేదు. కానీ ఒక పనిలో దెబ్బ తిన్న వారానికే మరో పనిలో చేరాలనుకోవడం ఆసక్తి వల్ల పుట్టే నిర్ణయం కాదని, ఇరవై ఏళ్ళుగా పిల్లలతో మాట్లాడుతున్న అనుభవంతో చెప్పగలను. పైగా మీ అబ్బాయి చేసిన పొరపాటు అజ్ఞానంతో చేసింది కాదు. ఈ వృత్తిలోకి వచ్చే ప్రతివారూ మొదటి రెండేళ్ళలో ఏదో ఒక రూపంలో చేసేదే.

ఆ పొరపాటు ఏమిటో మీకు అర్థమయ్యేలా చెప్పడం కష్టం కాదు, ఎందుకంటే మీ వృత్తిలోనూ అదే జాగ్రత్త ఉంది. రాసి ముగించిన దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడిందని గమనిస్తే, సరైన నంబరును ఆఖరి పేజీ అడుగున రాసేసి మీరు ఊరుకోరు. తప్పు పడిన చోటే కొట్టివేసి, పైన సరిగ్గా రాసి, ఆ దిద్దుబాటు పక్కన రాసి ఇచ్చేవారి సంతకం పెట్టిస్తారు. అలా ధ్రువీకరించని దిద్దుబాటు ఉంటే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం సబ్ రిజిస్ట్రారు ఆ పత్రాన్ని తిరస్కరించవచ్చునని నాకంటే మీకే బాగా తెలుసు. చెక్కుబందీలో తూర్పు హద్దు ఒకటి మార్చవలసి వచ్చినప్పుడు మిగిలిన మూడు హద్దుల్లో ఒక్క అక్షరం కూడా కదలకూడదన్నదీ మీకు తెలుసు. లినక్స్ సర్వర్‌లో ఈటీసీ అనే డైరెక్టరీలో ఉండే ఫైళ్ళు ఆ యంత్రానికి దస్తావేజుల వంటివి: ఎవరు లోపలికి రావచ్చు, ఏ డిస్కు ఎక్కడ తగలాలి, ఏ పేరుకు ఏ చిరునామా అన్నది అక్కడే రాసి ఉంటుంది. వాటిలో ఎన్నో ఏళ్ళ నుంచి ఎందరో రాసిన లైన్లు, ఎందుకు రాశారో చెప్పే కామెంట్లు కలిసిపోయి ఉంటాయి.

ఇక ఆ 17 సర్వర్ల సంగతి. ఈ పేరా మీ అబ్బాయికి చదివి వినిపించండి. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ కానిచ్చే ప్రోగ్రామును ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ అంటారు. దాని కాన్ఫిగ్ ఫైలులో ఒకే సెట్టింగు రెండుసార్లు ఉంటే మొదట కనిపించిందే చెల్లుతుంది, తర్వాతిది చెల్లదు. కనుక ఫైలు మధ్యలో ఎప్పుడో ఎవరో 'పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ యెస్' అని రాసి ఉంటే, చివర చేర్చిన 'నో' వృథా. రెండో సంభావ్యత ఇంకా సూక్ష్మమైనది. ఫలానా యూజర్‌కు మాత్రమే వర్తించాలని రాసే 'మ్యాచ్' భాగం ఫైలు చివర ఉంటుంది, దాని తర్వాత చేర్చిన ఏ లైనైనా ఆ భాగంలోకే వెళ్ళిపోతుంది, అంటే పాస్‌వర్డ్ లాగిన్ ఆ ఒక్క యూజర్‌కే ఆగి, మిగతా అందరికీ తెరిచే ఉంటుంది. మూడోది, ఉబుంటు 22.04 వంటి లినక్స్ వ్యవస్థల్లో ఈ ఫైలు మొదట్లోనే మరో డైరెక్టరీలోని చిన్న ఫైళ్ళన్నిటినీ కలుపుకునే లైను ఒకటి ఉంటుంది. క్లౌడ్‌లో పుట్టిన యంత్రాల్లో క్లౌడ్ ఇనిట్ (యంత్రం మొదటిసారి లేచినప్పుడు సెట్టింగులు అమర్చే ప్రోగ్రాము) పెట్టే ఫైలు అక్కడ కూర్చుని ఉంటే, ప్రధాన ఫైలులో ఏం రాసినా దానిదే పైమాట. ఈ మూడింటిలోనూ లైను చేరింది, స్క్రిప్టు ఏ తప్పూ చూపలేదు, సర్వీసు మామూలుగా రీలోడ్ అయింది, ఫలితం మాత్రం రాలేదు. తనకు దొరికిన 17 ఈ మూడింటిలో ఏ రకానివో అతడు స్వయంగా విడదీసి రాసుకుంటే, కోర్సు ఫీజు కట్టకుండానే ఒక మంచి పాఠం దొరుకుతుంది.

ఇలాంటి పనుల కోసమే ఆజియస్ అనే లైబ్రరీ, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకునే సిద్ధమైన కోడ్, ఉంది. సీ భాషలో రాసిన దీన్ని పైథాన్, రూబీ వంటి భాషల నుంచి పిలిచి వాడుకోవచ్చు. లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్‌లో పని చేస్తూ డేవిడ్ లట్టర్‌కార్ట్ దీన్ని తయారు చేసి, 2008లో ఒట్టావాలో జరిగిన లినక్స్ సింపోజియంలో దీనిపై పత్రం సమర్పించారు. (ఆజియస్ అనేది గ్రీకు పురాణంలో ఏళ్ళ తరబడి కడగని పశువుల కొట్టాలున్న రాజు పేరు. ఈటీసీ డైరెక్టరీని చూసినవారికి ఆ పేరు ఎందుకు పెట్టారో వివరించనక్కరలేదు.) ఇది ఫైలును అక్షరాల వరుసగా కాక ఒక చెట్టుగా చూపిస్తుంది. ఏ పేరుకు ఏ చిరునామా అని రాసి ఉండే హోస్ట్స్ ఫైలులో 'పది డాట్ సున్నా డాట్ సున్నా డాట్ పదిహేను, డీబీ ఒకటి' అనే లైను ఉందనుకోండి. అది చెట్టులో ఒక అంకె గల కొమ్మ అవుతుంది, దాని కింద ఐపీ చిరునామా ఒక ఆకు, అసలు పేరు మరో ఆకు, మారుపేర్లు ఉంటే ఇంకొన్ని ఆకులు. స్క్రిప్టు ఆ ఒక్క ఆకును మార్చి సేవ్ చేస్తే, పక్కనున్న కామెంట్లు, ఖాళీలు, ట్యాబులు ఉన్నవి ఉన్నట్టే ఉండి ఆ ఒక్క విలువ మాత్రమే మారుతుంది. ఫైలు నుంచి చెట్టుకు, చెట్టు నుంచి తిరిగి ఫైలుకు మార్చే సూత్రాన్ని లెన్స్ అంటారు. ఒక్కొక్క రకం ఫైలుకు ఒక్కొక్క లెన్స్ ముందే రాసి ఉంటుంది. పైథాన్‌తో పాటు వచ్చే కాన్ఫిగ్ పార్సర్‌తో, అది చదవగలిగే రకం ఫైళ్ళలో, ఇలాంటి మార్పే చేస్తే, తిరిగి రాసేటప్పుడు కామెంట్లన్నీ ఎగిరిపోతాయి. మీ భాషలో చెప్పాలంటే, హద్దు దిద్దమంటే దస్తావేజు మొత్తం తిరగరాసి, మార్జిన్‌లో ఉన్న పాత నోట్సు వదిలేసినట్టు.

మ్యాచ్ భాగం దగ్గర ఆజియస్ ఏం చేస్తుందో ఒకసారి చూడండి. ఆ సెట్టింగు ఫైలులో ముందే ఉంటే ఉన్న చోటే విలువ మారుస్తుంది. లేకపోతే కొత్త కొమ్మను చివర, అంటే మ్యాచ్ తర్వాత పెడుతుంది. కానీ లెన్స్ ప్రకారం అక్కడ సాధారణ సెట్టింగు ఉండకూడదు కనుక ఫైలును సేవ్ చేయడానికి నిరాకరిస్తుంది. మొదటి మ్యాచ్‌కు ముందు కొమ్మను చొప్పించమని చెబితేనే ఒప్పుకుంటుంది. మీ అబ్బాయి స్క్రిప్టు నోరు మూసుకుని పని అయిపోయిందన్న చోట ఆజియస్ కాదు పొమ్మంటుంది, ఆ తిరస్కారమే దీన్ని వాడడానికి అసలు కారణమని నేనంటాను. అయితే ఆ తిరస్కారాన్ని స్క్రిప్టు వినాలి. సేవ్ విఫలమైందా అని చూడని స్క్రిప్టు, చెట్టులో ఆజియస్ తప్పులు నమోదు చేసే కొమ్మను తెరిచి చదవని స్క్రిప్టు మళ్ళీ పాత కథే నడుపుతాయి. లెన్స్‌కు అర్థం కాని ఫైలు చెట్టులోకే రాదు, అలా చెట్టులో కనిపించని ఫైలు అసలు లేనే లేదనుకుని ముందుకు పోయే స్క్రిప్టులు నేను చాలా చూశాను.

మూడో రకాన్ని మాత్రం ఆజియస్ కూడా పట్టుకోలేదు. రెండు ఫైళ్ళలో ఏది ముందు చదవబడుతుందో, చివరికి ఏ విలువ అమలవుతుందో చెప్పగలిగేది ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఒక్కటే. దాన్ని చిన్న టీ (-t) ఆప్షన్‌తో నడిపితే ఫైలులో దోషాలున్నాయా, కీలు సరిగ్గా ఉన్నాయా అన్నది మాత్రమే చెబుతుంది, పెద్ద టీ (-T)తో నడిపితే అమలులో ఉండబోయే విలువలన్నీ ముద్రించి చూపుతుంది. 60 యంత్రాల్లోనూ మార్పు తర్వాత ఆ రెండో ఆదేశం నడిపి ఒక్క లైను వెతికి ఉంటే 17 పేర్లూ ఆ రాత్రే తెలిసేవి, తనిఖీవారి దాకా పోయేది కాదు. మేనేజరు కోపం న్యాయమైనదే. అందరి ముందూ అరవడం న్యాయం కాదు.

ఇప్పుడు భవిష్యత్తు గురించి, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆజియస్ వచ్చునా అని అడిగే ఉద్యోగ ప్రకటన మీ అబ్బాయికి బెంగళూరులో కనిపించకపోవచ్చు. అడిగేవి యాన్సిబుల్, టెర్రాఫామ్, కుబర్నెటీస్ వంటి, ఎన్నో సర్వర్లను ఒకేసారి నడిపే పనిముట్లు. అలాంటిదే అయిన పపెట్ వాడే చోట మాత్రం ఆజియస్ పేరుతోనే ఒక రిసోర్సు ఉంటుంది. అంతేకాదు, నడుస్తున్న యంత్రంలో ఫైలు దిద్దే అలవాటే తగ్గుతోంది: కంటైనర్లలో, అంటే ప్రోగ్రామును దానికి కావలసినవన్నీ కలిపి కట్టిన పెట్టెల్లో, పాతదాన్ని పారేసి కొత్తది నిలబెడతారు, మామూలు సర్వర్లలో కూడా వీలైన చోట మొత్తం ఫైలును టెంప్లేటు (ముందే తయారు చేసిన నమూనా) నుంచి రాసేస్తారు. అలాంటప్పుడు ఇది నేర్చుకుని ఏం లాభమని మీ బంధువులు అడగవచ్చు. ఏ ఫైలు మొత్తంగా మనది, ఏ ఫైలులో ఒక లైను మాత్రమే మనది అనే ప్రశ్న ఏ పనిముట్టు వచ్చినా పోదు. మనదైన ఫైలును టెంప్లేటుతో రాయాలి, నలుగురిదైన ఫైలులో చెట్టు కొమ్మ పట్టుకుని ఒక్క ఆకు మార్చాలి, వీలుంటే అసలు ఫైలు ముట్టకుండా పక్కన చిన్న ఫైలు పెట్టాలి. ఈ మూడింటిలో ఏది ఎప్పుడో తెలిసినవారికి యాన్సిబుల్ నేర్చుకోవడం కష్టం కాదు. తెలియనివారి చేతిలో యాన్సిబుల్ కూడా 60 సర్వర్లలో ఒకే తప్పును వేగంగా చేసే యంత్రమే.

అందువల్ల రాబోయే ఆరు నెలలకు నా సూచన ఇది. ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు), ఒకటి ఉబుంటు, ఒకటి ఆల్మా లినక్స్ లేదా రాకీ లినక్స్, పెట్టుకుని ఆ 60 సర్వర్ల పనిని పైథాన్, ఆజియస్‌లతో తిరిగి చేయాలి. మొదట ఆజియస్‌ను కొత్త ఫైలు రాసే పద్ధతిలో నడిపితే అసలు ఫైలును తాకకుండా పక్కన ఆగ్‌న్యూ అనే తోకతో మరో ఫైలు ఇస్తుంది, రెండింటికీ తేడా కళ్ళతో చూడాలి. తర్వాత బ్యాకప్ పద్ధతిలో నడిపితే పాతది ఆగ్‌సేవ్ తోకతో మిగులుతుంది. ఒక లాగిన్ సెషన్ తెరిచి ఉంచుకుని, పరీక్షించి, అప్పుడే సర్వీసు రీలోడ్ చేయాలి. అదే స్క్రిప్టును రెండోసారి నడిపితే ఏమీ మారకూడదు, ఇది అన్నిటికంటే గట్టి పరీక్ష. ఆ స్క్రిప్టును గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే పనిముట్టులో) పెట్టుకోవచ్చు కానీ కంపెనీ సర్వర్ల పేర్లు, చిరునామాలు, అసలు ఫైళ్ళు అందులో పొరపాటున కూడా ఉండకూడదు.

దానితో పాటు రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ అనే లినక్స్ నిర్వహణ సర్టిఫికెట్ పరీక్షకు సిద్ధం కావాలి. అది సరైన జవాబుకు గుర్తు పెట్టే పరీక్ష కాదు, నిజమైన యంత్రం ముందు కూర్చోబెట్టి పనులు చేయిస్తారు. ఆ తర్వాతి మెట్టు ఆర్‌హెచ్‌సీఈ పూర్తిగా యాన్సిబుల్ మీద ఉంటుంది. ఈ రెండు పరీక్షల ఫీజులూ ఆ కోర్సు ఫీజుకంటే తక్కువే. ఈసీఈ చదివినందుకు ఈ దారిలో ఎవరూ వెనక్కి నెట్టరు.

ఇంటర్వ్యూలో ఎప్పుడైనా పెద్ద తప్పు చేశారా అని అడుగుతారు. చాలామంది పిల్లలు లేదని చెప్పి మంచి అవకాశం పోగొట్టుకుంటారు. మీ అబ్బాయి 17 సర్వర్లు ఎందుకు తప్పిపోయాయో మూడు రకాలుగా విడదీసి, ప్రతి రకానికీ ఇప్పుడు ఏం చేస్తాడో నాలుగు నిమిషాల్లో చెప్పగలిగితే, ఎదుటివారు రెజ్యూమె పక్కన పెట్టి వింటారు. కంపెనీ పేరు, మేనేజరు పేరు చెప్పనక్కరలేదు.

కాంట్రాక్టు పునరుద్ధరణకు పిలిచినప్పుడు, సంతకం చేసే ముందు రెండు విషయాలు ఈమెయిల్‌లో అడిగి జవాబు తీసుకోమనండి: మార్పులకు ముందు పరీక్షించుకోవడానికి ఒక టెస్ట్ సర్వర్ ఇస్తారా, తన స్క్రిప్టును నడిపే ముందు సీనియర్ ఒకరు చదివి చూసే పద్ధతి పెడతారా. రెండింటికీ కాదంటే అప్పుడు మరో కంపెనీ వెతుక్కోవచ్చు, వెతుక్కునేటప్పుడు ఉద్యోగంలో ఉండే వెతుక్కోవాలి. కోర్సు వారు ఈ నెలాఖరుకే రాయితీ అయిపోతుందని ఫోన్ చేస్తారు, వచ్చే నెలలో కూడా అదే చెబుతారు.