గరం, ఘర్మం, థర్మామీటర్: వీళ్లంతా చుట్టాలేనా?

ప్రశ్న: మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది సార్. సంస్కృతం ఘర్మం (వేడి) నుంచే పర్షియన్ గర్మ్, గ్రీకు థెర్మోస్, ఇంగ్లీష్ వార్మ్ అన్నీ పుట్టాయట, ఆఖరికి మన వేడి కూడా అక్కణ్ణుంచే వచ్చిందట. ఇందులో నిజమెంత? (ఖమ్మం పాఠకురాలు)

జవాబు: సగం నిజమేనమ్మా. ఘర్మం, గర్మ్, థర్మామీటర్‌లో ఉన్న థెర్మోస్ చుట్టాలే, కాకపోతే తల్లీకూతుళ్లు కాదు, అక్కచెల్లెళ్లు. వీళ్లందరికీ తల్లి ఇంకా పాత భాష, దాన్ని ప్రోటో ఇండో యూరోపియన్ అంటారు, రాసిన ముక్క ఒక్కటి కూడా దొరకలేదు, పిల్ల భాషల్ని పక్కపక్కన పెట్టి పండితులు దాన్ని ఊహించి కట్టారు. అందులో వేడికి ఉన్న ధాతువు దాదాపు 'గ్వ్హెర్'. మొదటి శబ్దం చూశారా, గ, వ, హ కలిసిపోయి నోరు తిరగదు, అందుకే ఒక్కో భాషలో ఒక్కోలా అరిగింది, సంస్కృతంలో ఘ, పర్షియన్‌లో గ, గ్రీకులో ఎ ముందు థ, లాటిన్‌లో ఫ. లాటిన్‌లో ఫోర్ముస్ అంటే వేడి, ఇంగ్లీష్ ఫర్నేస్ (కొలిమి) కూడా ఈ కుటుంబమే. క్రీ.పూ. 480లో స్పార్టా వాళ్లు పర్షియన్లను అడ్డుకున్న, గ్రీసులోని థెర్మోపిలే కనుమకి ఆ పేరు అక్కడి వేడినీటి ఊటల వల్లే.

ఘ ఎక్కడ, ఫ ఎక్కడ, ఇదంతా సాగదీయడం కాదా అంటారేమో, కానీ ఇదే వరస వేరే మాటల్లో కూడా కనిపిస్తుంది, 'చంపుతారు' అనే సంస్కృతం ఘ్నంతి, 'కొట్టు' అనే గ్రీకు థెయినో, డిఫెండ్‌లో ఉన్న లాటిన్ ఫెండ్. మళ్లీ ఘ, థ, ఫ! నేను నమ్మేది ఈ వరసనే, ఊరికే పోలికలు చూసి కాదు.

వార్మ్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. కొందరు దీన్ని ఈ కుటుంబంలోనే కలుపుతారు, ఇంకొందరు రష్యన్ వరీత్ (ఉడకబెట్టు) పక్కన పెడతారు. నేనైతే ఖాయం చెయ్యను.

ఇంకో తమాషా ఉంది. వేదకాలపు ప్రవర్గ్యం అనే క్రతువులో కాచే వేడిపాలని ఘర్మం అనేవాళ్లు, హిందీలో అదే ఘామ్ అయి ఎండ అయింది, మనకేమో చెమట దగ్గర ఆగిపోయింది. పర్షియన్ గర్మ్ ఉర్దూ మీదుగా గరం గరం చాయ్ అయి వచ్చింది. అంటే ఒకే ధాతువు తెలుగులోకి రెండు దారుల్లో వచ్చింది, పండితుల దారిలో ఒకసారి, హోటల్ దారిలో ఒకసారి.

ఇక వేడి: అస్సలు కాదు. వెచ్చన, వేగు, వేపుడు, వేసవి, తమిళంలో వెయిల్, వెప్పం, కన్నడలో బిసి, బేసిగె, ఇదంతా ద్రావిడ కుటుంబం. కన్నడలో వ కాస్తా బ అయింది, బిసిబేళె బాత్‌లో బిసి అదే. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని మద్రాసు కలెక్టర్ ఫ్రాన్సిస్ ఎల్లిస్ 1816లోనే, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో చూపించాడు, రెండు వందల ఏళ్లు దాటినా వాట్సాప్‌కి ఆ కబురు చేరలేదు!

ప్రశ్న: తాపం, టెంపరేచర్ ఒకటేనా? (విజయనగరం పాఠకుడు)

జవాబు: కాదండి. టెంపరేచర్ లాటిన్ టెంపెరారె నుంచి వచ్చింది, పాళ్లు కుదిరేలా కలపడం అని అర్థం, వేడితో సంబంధం తర్వాత అంటుకుంది. తాపానికి అసలు చుట్టం గోరువెచ్చన అనే టెపిడ్. రష్యన్ త్యోప్లీ (వెచ్చని), పర్షియన్‌లో జ్వరానికి వాడే తబ్, ఎండాకాలానికి వాడే తాబెస్తాన్ కూడా ఈ బ్యాచే. చెక్ దేశంలో వేడినీటి ఊటలున్న తెప్లిత్సె ఊరి పేరు కూడా. తపస్సూ ఇదే ధాతువు, ఒళ్లు కాలేలా కష్టపడటం కదా మరి.

ప్రశ్న: మరి చలి, చిల్? (డల్లాస్ నుంచి ఒక స్టూడెంట్)

జవాబు: కాకతాళీయం. చిల్‌లో చ ఒకప్పుడు క, కోల్డ్, కూల్ దాని తోబుట్టువులు, లాటిన్ గెలు (మంచు) మీదుగా వచ్చిన జెల్లీ కూడా చుట్టమే. మన చలికి తోడు కన్నడ చళి. బీరు బాటిల్ చేతిలో పెట్టుకుని ఎవరైనా ఈ రెండూ ఒకటే అని వాదిస్తే ఆ 'క' సంగతి అడగండి.